సరస్వతమ్మ తోటలకు పోవడం మానేసింది

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో, ఊరు ఇంకో మూడు కిలోమీటర్లు ఉందనగా, ఎడమ చేతి వైపు తెల్లటి దోమతెరలు కప్పిన పొడుగాటి షెడ్లు కనిపిస్తాయి. బోర్డు మీద ఇంకేదో పేరుంది గానీ అందరూ దాన్ని యజమాని పేరుతో హరినాథ్ నర్సరీ అనే అంటారు. టమోటా నారు, మిరప నారు పెంచి రైతులకు అమ్ముతారు. సరస్వతమ్మ అందులో పద్నాలుగేళ్లు పని చేసింది. ఇప్పుడు ఆ కంపెనీదే కుప్పం బ్రాంచిలో ఉంది. ఆమె అక్కడికి ఎందుకు పోవాల్సి వచ్చిందో పుంగనూరులో ఎవరినడిగినా ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. జరిగింది ఇది.

ఆమెది బైరెడ్డిపల్లె పక్కన చిన్న పల్లె. అమ్మానాన్నలు కూలికి పోయి బతికినవాళ్లు. చిన్నప్పను పెళ్లి చేసుకుని పుంగనూరు వచ్చింది. అతను ఆటో తోలేవాడు. హరినాథ్ నర్సరీ పెట్టిన కొత్తలో ఆమె రోజు కూలికి చేరింది. నల్లటి ట్రేలలో కొబ్బరిపొట్టు నింపడం, ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేయడం, పైన మళ్లీ పొట్టు కప్పడం. ట్రేకి తొంభై ఎనిమిది గుంటలు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి వేళ్ల కొసలు మొద్దుబారిపోయేవి. వాళ్ల ఇంట్లో అప్పటిదాకా ఎవరూ నెల జీతానికి పని చేసి ఎరగరు. నాలుగేళ్లకు ఆమెను విత్తన షెడ్డుకు సూపర్వైజర్‌ని చేసి, జీతం రాసి, పీఎఫ్ కట్టడం మొదలుపెట్టినప్పుడు బైరెడ్డిపల్లె నుంచి వాళ్లమ్మ వచ్చి గేటు బయట నిలబడి ఆ షెడ్డు చూసిపోయింది.

కానీ సరస్వతమ్మ జీవితంలో అసలు సంగతి జీతం కాదు. అది అంతకు ముందే, కూలీగా ఉన్నప్పుడే మొదలైంది.

ఒకరోజు మునిచంద్ర అనే రైతు వచ్చి గేటు దగ్గర గొడవ పెట్టుకున్నాడు. తీసుకుపోయిన నారులో సగం ఎదగకుండా నిలబడిపోయిందని అతని బాధ. వాచ్‌మన్ అతన్ని లోపలికి రానివ్వలేదు. నీళ్లు సరిగ్గా కట్టుండవులే పొమ్మన్నాడు. లోపల ట్రేలు మోస్తున్న సరస్వతమ్మ ఆ మాటలు విన్నది. ఇంటికి పోయినా ఆ మాట వదల్లేదు. ఆ ఆదివారం మొగుడి మోపెడ్ తీసుకుని రామసముద్రం దారిలో ఉన్న మునిచంద్ర తోటకు పోయింది.

"ఎవరమ్మా నువ్వు? కంపెనీవోళ్లు పంపినారా?" అన్నాడు మునిచంద్ర.

"ఎవరూ పంపలేదన్నా. ఆ గింజలు యేసింది నేనే. ఏమైందో సూసి పోదామని వచ్చినా."

అతను ఆమెను వింతగా చూసి, ఎదగని మొక్కలున్న సాలు చూపించాడు. ఆమె ఒక మొక్కను వేళ్లతో తవ్వి తీసింది. వేర్లు నేలలోకి దిగలేదు. ట్రే గుంటలో ఎట్లా చుట్టుకున్నాయో అట్లాగే, దారపు ఉండలా ముడుచుకుని ఉన్నాయి. నారును ట్రేలో మరీ ఎక్కువ రోజులు పెట్టి, ముదిరాక అమ్మారన్నమాట. ఆ మొక్కను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొచ్చి సోమవారం పొద్దున్నే హరినాథ్‌కు చూపించింది. హరినాథ్ కూడా రైతు కొడుకే. మొక్కను తిప్పి తిప్పి చూసి, మునిచంద్రకు కొత్త నారు పంపించాడు. ముప్పై రోజులు దాటిన నారు ఇక గేటు దాటకూడదని ఆ రోజే చెప్పాడు.

అప్పటి నుంచి సరస్వతమ్మకు అదొక అలవాటైపోయింది. ఆదివారం వంట చేసి పెట్టి మోపెడ్ తీసేది. ఒకసారి చౌడేపల్లె వైపు, ఒకసారి పలమనేరు దారిలో, ఒకసారి మదనపల్లె దాటి. తమ నారు ఎక్కడికి పోయిందో బిల్లు పుస్తకంలో చూసుకుని ఆ తోటకు పోయేది. మొక్కల మధ్య గొంతుక్కూర్చుని ఆకు తిప్పి చూసేది. రైతుతో రెండు మాటలు మాట్లాడి, చూసింది కూతురి పాత నోటుపుస్తకంలో రాసుకునేది. ఫలానా రకం ఎర్రనేలలో బాగుంది, ఫలానా ట్రేల నారు బలహీనం, పొట్టు తడి ఎక్కువైనట్టుంది, ఇట్లా. ఇది చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చేయకపోతే అడిగేవాళ్లూ లేరు. బస్సులో పోతూ కిటికీలోంచి పచ్చటి తోట కనపడితే, "అది మా నాలుగో షెడ్డు నారే, సూడు ఎట్లుండాదో" అని కూతురు ఇందుకు చూపించేది. చిన్నప్ప విసుక్కునేవాడు. "ఆరు రోజులు ఆడనే సస్తాండావు, ఏడో రోజు కూడా యాల?" అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఎందుకో చెప్పడం ఆమెకూ వచ్చేది కాదు.

చూడగా చూడగా షెడ్డులో మిగతా ఆడవాళ్లకూ అది అంటుకుంది. పాపక్క అని ఒకామె, సరస్వతమ్మ కంటే పదేళ్లు పెద్దది, నోరు గట్టిది, అప్పుడప్పుడు మోపెడ్ వెనక ఎక్కి కూడా వచ్చేది. సోమవారం పొద్దున గింజలు వేస్తూ అందరూ తోటల సంగతులే మాట్లాడుకునేవాళ్లు. దోమతెర ఎక్కడైనా చిరిగితే తెల్లదోమ లోపలికి వచ్చి నారుకు ఆకుముడత అంటిస్తుందని వాళ్లు తోటల్లో చూసి నేర్చుకున్నదే. అందుకే చిన్న చిరుగు కనపడినా పాపక్క గోతాం సూది, నైలాన్ దారం తీసుకుని స్టూలెక్కి కుట్టేది. అది ఆమె పని కాదు. అయినా చేసేది.

రైతులు గేటు దగ్గరకొచ్చి, "సరస్వతమ్మ షెడ్డు నారే కావాల" అని అడిగే రోజులు వచ్చాయి.

మూడేళ్ల కిందట హరినాథ్ వ్యాపారం పెరిగి మదనపల్లెలో ఆఫీసు, కుప్పంలో బ్రాంచి తెరిచారు. అన్నీ చూసుకోవడానికి సాయిప్రసాద్ అనే మేనేజర్‌ను బెంగళూరు నుంచి తెచ్చారు. ముప్పై ఐదేళ్లుంటాయి. చెడ్డవాడని ఎవరూ అనలేరు. ఎవరినీ కసరడు, అందరినీ "మీరు" అంటాడు. వచ్చిన వారంలోనే సరస్వతమ్మ ఆదివారం తిరుగుళ్ల సంగతి అతని చెవిన పడింది. ఆఫీసుకు పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించాడు.

"ఎవరూ చెప్పకుండా, సెలవు రోజున, మీ పెట్రోలు పోసుకుని ఎందుకు వెళ్తారమ్మా?"

సరస్వతమ్మ సిగ్గుపడింది. "నా చేత్తో యేసిన గింజ సార్. ఏమాయనో సూసుకోవద్దా?"

అతను ఆ మాట ఫోనులో రాసుకున్నాడు. "ఇదే కావలసింది. మన కంపెనీలో రెండు వందల మంది ఉన్నారు. అందరూ మీలా ఉంటే?" అన్నాడు. అతని మొహం వెలిగిపోయింది. ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడని సరస్వతమ్మ ఈ రోజుకీ చెబుతుంది.

నెల తిరక్కుండా గేటు దగ్గర ఆమె ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. కింద పెద్ద అక్షరాలతో "కంపెనీయే నా కుటుంబం, పనే నా పండుగ" అని ఉంది. ఇందు అది చదివి ఫక్కున నవ్వింది.

"నేనిట్ల అన్లేదే," అంది సరస్వతమ్మ. ఎవరికి చెప్పాలో తెలియలేదు.

ఆ తర్వాత పథకం వచ్చింది. షెడ్డుల్లో పని చేసే ప్రతి ఒక్కరూ వారానికి మూడు తోటలు చూసి రావాలి. ఫోనులో ఒక యాప్ పెట్టారు. తోటలో నిలబడి తమ మొహం కూడా పడేలా ఫోటో తీసి, "ఆరోగ్యంగా ఉంది", "సమస్య ఉంది" అన్న రెండింటిలో ఒకటి నొక్కి పంపాలి. ఫోటోకి ఇన్ని పాయింట్లు. నెలాఖరుకు ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్లకు "నెల తార" అని బ్యాడ్జి, ఒక కుక్కరో మిక్సీయో బహుమతి. తక్కువ వచ్చినవాళ్ల పేర్లు బోర్డు మీద ఎర్ర రంగులో.

మొదటి నెల కుక్కరు సరస్వతమ్మకే వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. పాపక్క కొట్టలేదు.

"నీ సోకు కోసం నువ్వు తిరిగినావు, ఎవరొద్దన్నారు?" అంది పాపక్క, ట్రేలు కడిగే తొట్టి దగ్గర. "ఇప్పుడు నాకు ఆదివారం ల్యాకుండా పోయె. కోడలు ఆస్పత్రిలో ఉంటే నేను తోటలో ఫోటో దిగల్లంట. నీ పుణ్యమే కదమ్మా ఇదంతా."

"నేనేం జెయ్యమన్లేదు కదక్కా."

"నువ్వు జెయ్యమన్లేదు. నీ బొమ్మ జూపించి జెయ్యమంటాండారు."

సరస్వతమ్మ ఇంకో ట్రే తీసి తొట్టిలో ముంచింది.

పథకం ఎట్లా నడిచిందంటే, నర్సరీకి ఎదురుగానే రెడ్డెప్ప అనే రైతుకు రెండెకరాల తోట ఉంది. నలభై మంది ఆ ఒక్క తోట గట్టు మీదే వంతుల వారీగా నిలబడి, నాలుగు దిక్కుల నుంచి ఫోటోలు తీసుకుని పంపేవాళ్లు. అందరూ "ఆరోగ్యంగా ఉంది" అనే నొక్కేవాళ్లు. "సమస్య ఉంది" అని నొక్కితే ఇంకో ఆరు ప్రశ్నలు వచ్చేవి మరి. మదనపల్లె ఆఫీసులో గోడ మీద టీవీలో పాయింట్ల గీత పైకి పోతూ ఉండేది. ఉద్యోగుల ఉత్సాహం అంతకంతకూ పెరుగుతోందని సాయిప్రసాద్ మీటింగులో చూపించాడు.

సరస్వతమ్మ అట్లా చేయలేదు. నిజంగానే తోటలకు పోయేది. కానీ ఒక ఆదివారం చౌడేపల్లె వైపు మూడు తోటలు చూసి తిరిగి వస్తూ, సగం దారిలో మోపెడ్ ఆపి నిలబడిపోయింది. ఆ మూడు తోటల్లో మొక్కలు ఎట్లా ఉన్నాయని తనను తాను ప్రశ్నించుకుంటే ఒక్కటీ గుర్తు రాలేదు. గుర్తొచ్చిందల్లా రెండో తోటలో సిగ్నల్ లేక గట్టెక్కడం, మూడో ఫోటోలో తన మొహం సరిగ్గా పడక మళ్లీ తీయడం. వెనక్కి పోదామా అనుకుంది. మూడూ అయిపోయాయి కదా అనిపించింది. ఆ అనిపించడమే ఆమెను భయపెట్టింది. అయినా ఇంటికే వచ్చేసింది.

మరుసటి రోజు సాయిప్రసాద్ దగ్గరకు పోయింది. "సార్, నాకీ పాయింట్లు వద్దు సార్. కుక్కరు కూడా తీసేసుకోండి. నేను ముందు పోయినట్లే పోతా. ఫోటోలు వద్దు."

అతను ఓపిగ్గా విన్నాడు. "అమ్మా, మీరు చేసేది రికార్డులో లేకపోతే కంపెనీకి ఎలా తెలుస్తుంది? మీరే మానేస్తే మిగతావాళ్లు ఏమనుకుంటారు? మీ ఫోటోనే కదా గేటు దగ్గర ఉంది."

ఆమె లేచి వచ్చేసింది. నోటుపుస్తకం అప్పటికే రెండు నెలలుగా తెరవలేదు.

ఆ ఏడాది మార్చిలో గాలులకు నాలుగో షెడ్డు దోమతెర చిరిగింది. జానెడు చిరుగు, పడమటి వైపు, పైన. సరస్వతమ్మ దాన్ని చూసింది. "పాపక్కా, తెర చినిగుండాదే" అంది.

"దానికి పాయింట్లు ల్యావు," అంది పాపక్క, తల ఎత్తకుండా.

పాపక్క ఎగతాళికి అన్నదో, నిజంగానే అన్నదో సరస్వతమ్మకు తెలియలేదు. తానే కుట్టాల్సింది. స్టూలు అక్కడే ఉంది. కానీ అది శనివారం సాయంత్రం, యాప్ లెక్కలో వారం ఆ రోజుతో సరి. ఆమెకు ఇంకా రెండు ఫోటోలు తక్కువున్నాయి, చీకటి పడితే యాప్ ఫోటో ఒప్పుకోదు. చిరుగు సంగతి యాప్‌లో ఎక్కించి మోపెడ్ తీసింది. మరమ్మతు టీము పన్నెండు రోజులకు వచ్చింది. ఆ పన్నెండు రోజులూ దాని కింద నారు ఉంది. ఆ తర్వాత అది రైతుల దగ్గరకు పోయింది.

అందులో ఎక్కువ భాగం తీసుకున్నది మునిచంద్ర. పాతికేళ్లుగా టమోటా పెట్టే మనిషి, ఆ ఏడు ఉన్న మూడెకరాలూ ఒకే దెబ్బకు నాటాడు. నాటిన పన్నెండో రోజు సరస్వతమ్మ ఆ తోటకు పోయింది. మునిచంద్ర ఇంటి నుంచి మజ్జిగ తెప్పించాడు.

"బాగుండాదా సరసమ్మా?"

"బాగుండాదన్నా," అంది ఆమె, ఫోను ఎత్తి పట్టుకుని. ఫోటో తీసింది, నొక్కింది, పంపింది. ఇంకో తోటకు పోవాలని మజ్జిగ గబగబా తాగింది. ఒక్క ఆకు కూడా తిప్పి చూడలేదు.

ఇంకో మూడు వారాలకు తోటంతా ముడుచుకుపోయింది. ఆకులు దొప్పల్లా పైకి మడుచుకుని, కొసలు పసుపెక్కి, మొక్క గిడసబారింది. పూత రాలిపోయింది. ఆకుముడత ఒకసారి తోటంతా పాకాక ఏ మందుకూ లొంగదు. మునిచంద్ర పది మొక్కలు పీకి గోనెసంచిలో వేసుకుని నర్సరీకి వచ్చాడు. ఈసారి గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. మదనపల్లె నుంచి సాయిప్రసాద్ వచ్చాడు, హరినాథ్ వచ్చాడు. సరస్వతమ్మను పిలిచారు.

సాయిప్రసాద్ లాప్‌టాప్ తిప్పి మునిచంద్రకు చూపించాడు. "ఇదిగో చూడండి. నాటిన పన్నెండో రోజు మా సీనియర్ ఉద్యోగి మీ తోటకు వచ్చి చూశారు. ఆరోగ్యంగా ఉందని నమోదు చేశారు. అంటే మా నారులో లోపం లేదు, తర్వాత మీ దగ్గర వచ్చిన తెగులు. అమ్మా, ఒకసారి చెప్పండి."

తెర మీద ఫోటో పెద్దదిగా ఉంది. సరస్వతమ్మ తన మొహం చూడలేదు. తన భుజం వెనక, మొదటి సాలులో, మూడు నాలుగు మొక్కల చిగుళ్లు చూసింది. అప్పుడే కొద్దిగా పైకి మడుచుకుంటున్నాయి. అంచులు లేత పసుపు. ఎవరూ వేలు పెట్టి చూపించక్కరలేదు. పాత సరస్వతమ్మ అయితే పది అడుగుల దూరం నుంచి పట్టేసేది. ఆ రోజే పీకేసి, దోమకు మందు కొట్టి ఉంటే సగం తోటైనా నిలిచేది.

"నేను సూడలేదు సార్," అంది.

"ఏమిటమ్మా?"

"తోటకు పోయినా. ఫోటో తీసుకున్నా. మొక్కను సూడలేదు. సూడండి, ఆ ఫోటోలోనే ఉండాది ముడత. నాలుగో షెడ్డు తెర చినిగి పన్నెండు దినాలు అట్లే ఉండె. నాకు తెలుసు. నేను కుట్టలేదు."

హరినాథ్ కిటికీ వైపు చూశాడు. మునిచంద్ర ఆమె వైపు తిరిగాడు. నిజం చెప్పినందుకు అతను ఆమెను మెచ్చుకుంటాడని ఆమె అనుకోలేదు గానీ, అతను అన్న మాట కూడా అనుకోలేదు.

"నువ్వు రాకుండా ఉన్నా బాగుండును కదమ్మా," అన్నాడు. "ఎవరో ఒకరిని పిల్చి సూపించుకుంటుంటి. నువ్వొచ్చి బాగుండాదంటివి. నువ్వు అంటివని నేను నిమ్మళంగా ఉంటిని."

గోనెసంచి అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

కంపెనీ అతనికి తర్వాతి పంటకు నారు ఇస్తామన్నది. అతను రాలేదు. ఆ తర్వాత రెండేళ్లుగా ఆ మూడెకరాల్లో టమోటా లేదు. మునిచంద్ర ఇప్పుడు మదనపల్లెలో ఒక టమోటా మండీలో పెట్టెలు లెక్క చూసే పనిలో ఉన్నాడు, ఇతరుల టమోటాలు. సరస్వతమ్మ ఒకసారి బస్టాండులో ఎదురుపడింది. "అన్నా" అంది. అతను చూసీ చూడనట్టు వేరే బస్సు వైపు నడిచాడు.

ఆమెను ఉద్యోగం నుంచి తీసేయలేదు. తీసేస్తే బయటికి పోయి ఇంకేమి చెబుతుందోనని భయపడి ఉంటారు. కుప్పం బ్రాంచిలో అనుభవమున్న మనిషి అవసరమని కాగితం ఇచ్చారు. అప్పటికి ఇందు పాలిటెక్నిక్ రెండో ఏడు. చిన్నప్ప ఆటో పాతబడి నెలలో పది రోజులు మెకానిక్ షెడ్డులోనే ఉంటోంది. కాదనే స్థితి కాదు. ఆమె కుప్పంలో గది తీసుకుని, శనివారం సాయంత్రం వెంకటగిరికోట మీదుగా రెండు బస్సులు మారి ఇంటికి వచ్చి, సోమవారం తెల్లవారుజామున తిరిగి పోవడం మొదలుపెట్టింది. ఆమె పోయిన వారానికి గేటు దగ్గర ఫ్లెక్సీ మార్చేశారు. దాని మీద ఇంకెవరిదో నవ్వు మొహం.

కుప్పంలో ఆమెకు ట్రేలు లెక్కపెట్టి లారీకి ఎక్కించే పని. తొమ్మిదికి వస్తుంది, ఐదున్నరకు చేతులు కడుక్కుంటుంది. పనిలో ఒక్క తప్పు ఉండదు, చెప్పినదానికి మించి ఒక్క పిసరు ఎక్కువ ఉండదు. మొదట్లో పక్కవాళ్లు ఆమె పేరు విని ఏదో అడగబోయేవాళ్లు. ఆమె బదులు చెప్పే తీరు చూసి మానేశారు.

ఆరు నెలలకు సాయిప్రసాద్ హైదరాబాదులో పెద్ద కంపెనీకి వెళ్లిపోయాడు. పోతూ సరస్వతమ్మకు ఫోను చేసి, "మీ నుంచి చాలా నేర్చుకున్నానమ్మా" అన్నాడు. ఆమె "సరే సార్" అంది. అతను పోయాక యాప్ ఆగిపోయింది, బోర్డు దించేశారు, పాయింట్లు పోయాయి. ఇక పుంగనూరులో పాత రోజులు వస్తాయని హరినాథ్ ఎదురుచూశాడు. రాలేదు. ఇప్పుడు ఆ షెడ్డుల్లో ఎవరూ తోటలకు పోరు. పాయింట్లకూ పోరు, ఊరికేనూ పోరు. పాపక్క మానేసి కూలి పనికి పోతోంది. అక్కడ సాయంత్రం తర్వాత తనను ఎవరూ ఏమీ అడగరంటుంది.

పోయిన నవంబరులో హరినాథ్ కుప్పం వచ్చాడు. లారీ లోడు అయ్యేదాకా పక్కన నిలబడి, చివరికి అన్నాడు:

"సరస్వతమ్మా, ఇప్పుడు ఫోటోలు లేవు, ఏమీ లేవు. గుడుపల్లె వైపు మన నారు చానా పోతాండాది. ఊరికి పోని ఆదివారం అట్లా ఒకసారి సూసి రాగూడదా? ముందు పోయేదానివి గదా. బండికి పెట్రోలు నేనే పోయిస్తా."

ఆమె చేతిలోని ట్రేను లారీలో పెట్టింది. కోపం రాలేదు. ఆయన అడిగిన తీరులో నిజమైన ఆశే ఉందని ఆమెకు తెలుసు.

"నాకూ పోవాలనే ఉంటాది సార్," అంది. "రెండుసార్లు బండి కూడా తీసినా. తోట దగ్గరికి పోయినాక దిగబుద్ధి కాల్యా. ఆ మొక్కల్ని సూస్తే ఏమీ అనిపించల్యా. పక్కింటోళ్ల మొక్కల మాదిరి ఉండె."

డ్రైవరు హారన్ కొట్టాడు. సరస్వతమ్మ లారీ వెనక తలుపు వేసి, కొక్కెం బిగించి, చలానా కాగితం మీద సంతకం కోసం హరినాథ్ వైపు పెన్ను చాచింది.